రౌటర్‌లో ఏ డీఎన్ఎస్ పెట్టుకోవాలి, ఎక్కడ పెట్టుకోవాలి

వైఫై గుర్తు నిండుగా ఉంటుంది. వాట్సాప్ గ్రూపుల్లో మెసేజీలు వస్తూనే ఉంటాయి. బ్రౌజర్‌లో మాత్రం ఏ సైటు కొట్టినా కాసేపు తిరిగి "డీఎన్ఎస్ ప్రోబ్ ఫినిష్డ్" అంటూ ఓ ఇంగ్లిష్ ముక్క పడేస్తుంది. తెలిసినవాళ్ళని అడిగితే ఒకరు "నాలుగు ఎనిమిదులు పెట్టు, పోతుంది" అంటారు. ఇంకొకరు "నాలుగు ఒకట్లు పెట్టు, స్పీడ్ కూడా పెరుగుతుంది" అంటారు. మూడో ఆయన పిల్లలున్న ఇంట్లో ఫ్యామిలీ ఫిల్టర్ లేకుండా ఎలా అని కంగారు పెడతారు. ఎవరూ చెప్పనిది ఒకటుంది: 8.8.8.8, 1.1.1.1 లాంటి ఆ డీఎన్ఎస్ అంకెలు రౌటర్‌లో ఏ పేజీలో పెట్టాలి? నా లెక్కలో ఏ కంపెనీ డీఎన్ఎస్ అన్నదానికన్నా, దాన్ని ఎక్కడ పెట్టామన్నదే ఎక్కువ తేడా తెస్తుంది. "మార్చాను, ఏం ఉపయోగం లేదు" అనేవాళ్ళలో చాలామందికి ఆ మార్పు ఫోన్ దాకా చేరనే లేదు.

## అసలు తప్పు డీఎన్ఎస్‌దేనా?

సైటు పేరు ఇస్తే దాని ఐపీ అడ్రస్, అంటే నెట్‌లో దాని అంకెల చిరునామా చెప్పడం, డీఎన్ఎస్ పని అంతే. చెప్పాక అది పక్కకు తప్పుకుంటుంది; మీరు చూసే వీడియో దాని గుండా రాదు. అందుకే డీఎన్ఎస్ పడిపోయినప్పుడు అప్పటికే కనెక్ట్ అయి ఉన్న యాప్‌లు నడుస్తూ, కొత్తగా తెరిచేవి మొండికేస్తాయి.

కంపెనీ ఎంచుకునే ముందు ఈ పరీక్ష చేయండి. విండోస్ కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పింగ్ 8.8.8.8 (ping 8.8.8.8) కొట్టండి. జవాబే రాకపోతే లైనే లేదన్నమాట. ఫైబర్ వచ్చి చేరే పెట్టె, అదే ఓఎన్‌టీ మీద లాస్ (LOS) అని రాసి ఉన్న లైటు ఎర్రగా వెలుగుతోందేమో చూడండి. వెలుగుతుంటే ఫైబర్ ఎక్కడో తెగింది, లేదా బాగా వంగింది. కేబుల్ ఆపరేటర్‌కి ఫోన్ చేయడమే, రౌటర్ సెట్టింగ్స్‌లో ఎంత వెతికినా దొరకదు.

పింగ్‌కి జవాబు వస్తుంటే ఇప్పుడు ఎన్ఎస్‌లుకప్ (nslookup) అని కొట్టి, పక్కన ఏదైనా సైటు పేరు ఇవ్వండి. తర్వాత అదే కమాండ్‌కి చివర ఒక ఖాళీ వదిలి 8.8.8.8 చేర్చి మళ్ళీ కొట్టండి. మొదటిసారి మీ రౌటర్ చెప్పిన సర్వర్‌ని అడుగుతుంది, రెండోసారి నేరుగా గూగుల్‌ని అడుగుతుంది.

మొదటిది విఫలమై రెండోది పని చేస్తే తప్పు రౌటర్‌ది గానీ, నెట్ కంపెనీ డీఎన్ఎస్‌ది గానీ. రౌటర్ ఆపి మళ్ళీ వేస్తే బాగై, ఒకటి రెండు రోజులకు మళ్ళీ అదే గొడవ మొదలైతే రౌటర్ లోపల ప్రశ్నలు అందుకుని ముందుకు పంపే చిన్న ప్రోగ్రామ్ చిక్కుకుపోతోందని అనుమానించాలి. చవక రౌటర్లలో ఇది మామూలే. రెండూ పని చేసి సైటు మాత్రం తెరుచుకోకపోతే అది డీఎన్ఎస్ సమస్య కాదు. ఆ సైటుదే కావచ్చు. ఒక్క సైటు పేరుకే రెండూ విఫలమైనా తప్పు ఆ సైటుదే కావచ్చు. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ కలిసి దాదాపు 6 గంటలు పోయినప్పుడు ఎన్ని ఇళ్ళలో రౌటర్లు ఆపి వేసి ఉంటారో! ఆ రోజు ఫేస్‌బుక్ సొంత డీఎన్ఎస్ సర్వర్లకే దారి మూసుకుపోయింది. ఇంట్లో ఏ అంకెలు పెట్టినా తేడా ఉండేది కాదు.

ఇంకో పరీక్ష చాలామందికి తెలియదు. ఎన్ఎస్‌లుకప్‌కి చివర 192.0.2.1 ఇచ్చి చూడండి. అది పుస్తకాల్లో ఉదాహరణల కోసం పక్కన పెట్టిన అడ్రస్, అక్కడ ఏ సర్వరూ ఉండదు. టైమ్ అవుట్ అని రావాలి. అలా కాక చక్కగా జవాబు వచ్చిందంటే మధ్యలో ఎవరో మీ డీఎన్ఎస్ ప్రశ్నలన్నిటినీ పట్టుకుని తామే సమాధానం ఇస్తున్నారు. అది మీ రౌటర్ కావచ్చు, నెట్ కంపెనీ కావచ్చు. అప్పుడు రౌటర్‌లో గూగుల్ పెట్టారా, క్లౌడ్‌ఫ్లేర్ పెట్టారా అన్నది పేరుకే. మామూలు డీఎన్ఎస్ పోర్ట్ 53 అనే దారిలో తెరిచిన ఉత్తరంలా పోతుంది కాబట్టి ఇది సాధ్యమవుతోంది. ఎన్‌క్రిప్ట్ అయ్యే, అంటే మధ్యవాళ్ళు చదవలేని రూపంలో పోయే డీఎన్ఎస్ అయితే దీన్ని దాటగలదు.

## ఏమేం చూసుకుని ఎంచుకోవాలి

స్పీడ్ గురించే అందరూ అడుగుతారు, నేను దాన్ని ప్రాధాన్యంలో చివర పెడతాను. సైటు పేరుకి జవాబు 5 మిల్లీసెకన్లలో వచ్చిందా, 30 మిల్లీసెకన్లలో వచ్చిందా అన్నది కంటికి ఆనదు. పైగా ఒకసారి అడిగిన పేరును ఫోను, రౌటరు కొంతసేపు గుర్తుపెట్టుకుంటాయి. డౌన్‌లోడ్ స్పీడ్ డీఎన్ఎస్ వల్ల పెరగదు. మీ ప్లాన్ 100 ఎంబీపీఎస్ అయితే ఎవరి డీఎన్ఎస్ పెట్టినా 100 ఎంబీపీఎస్సే.

అంతకన్నా ముఖ్యమైనది, ఆ జవాబు మిమ్మల్ని ఎక్కడికి పంపుతోంది అన్నది. పెద్ద సైట్లు, వీడియో సర్వీసులు తమ సర్వర్ల కాపీలను ఊరూరా పెడతాయి. విజయవాడలో ఉన్న మిమ్మల్ని చెన్నైకో హైదరాబాద్‌కో పంపకుండా సింగపూర్ పంపిస్తే వీడియో మొదలవడమే ఆలస్యం. నెట్ కంపెనీ సొంత డీఎన్ఎస్‌కి మీరెక్కడున్నారో తెలుసు. బయటివాటిలో గూగుల్ మీ ఐపీ అడ్రస్‌లో ముందు భాగాన్ని అవతలి సర్వర్‌కి చెప్పి దగ్గరి కాపీని అడుగుతుంది. దీన్నే ఈసీఎస్ అంటారు. క్లౌడ్‌ఫ్లేర్ ప్రైవసీ కోసం ఆ ముక్క చెప్పదు.

తర్వాత వడపోత, అంటే మోసపు సైట్లు, పెద్దల సైట్లు (అశ్లీల సైట్లు), ప్రకటనలు ఆపాలా వద్దా అన్నది. ఆపై మీరు ఏ సైట్లు చూస్తున్నారో ఎవరి దగ్గర ఎంతకాలం ఉంటుంది. చివరగా నేను అందరికన్నా ఎక్కువ బరువిచ్చేది: చెడిపోయిన రోజు ఇంట్లో దాన్ని బాగు చేసేవాళ్ళెవరు?

## ఎదురుగా ఉన్నవి

| డీఎన్ఎస్ | మొదటి అడ్రస్ | రెండో అడ్రస్ | ఏం ఆపుతుంది |
|---|---|---|---|
| నెట్ కంపెనీది | దానంతటదే వస్తుంది | దానంతటదే వస్తుంది | ప్రభుత్వం, కోర్టులు ఆపమన్న సైట్లు |
| గూగుల్ | 8.8.8.8 | 8.8.4.4 | వడపోత లేదు |
| క్లౌడ్‌ఫ్లేర్ | 1.1.1.1 | 1.0.0.1 | వడపోత లేదు |
| క్లౌడ్‌ఫ్లేర్ ఫ్యామిలీ | 1.1.1.3 | 1.0.0.3 | మాల్‌వేర్ (హానికర ప్రోగ్రామ్‌లు), పెద్దల సైట్లు |
| క్వాడ్9 | 9.9.9.9 | 149.112.112.112 | మాల్‌వేర్, మోసపు సైట్లు |
| ఓపెన్‌డీఎన్ఎస్ ఫ్యామిలీషీల్డ్ | 208.67.222.123 | 208.67.220.123 | పెద్దల సైట్లు |
| యాడ్‌గార్డ్ | 94.140.14.14 | 94.140.15.15 | ప్రకటనలు, ట్రాకర్లు (మీరేం చూస్తున్నారో గమనించేవి) |

నెట్ కంపెనీది. దీన్ని తిట్టడం ఫ్యాషన్ అయింది గానీ, నడుస్తున్నంతసేపు దీనికి మించింది లేదు. మీకు దగ్గరగా ఉంటుంది, దగ్గరి కాపీలకే పంపుతుంది. కనెక్షన్‌తో పాటు టీవీ పెట్టె కూడా ఇచ్చి ఉంటే, ఆ పెట్టె వెతికే పేర్లు కొన్ని కంపెనీ సొంత డీఎన్ఎస్‌కే తెలిసి ఉండొచ్చు. మార్చగానే ఛానళ్ళు పోయాయంటే కారణం ఇదే. ఇంకోటి: కొన్ని చోట్ల రీఛార్జ్ అయిపోతే ఏ సైటు తెరిచినా "బిల్లు కట్టండి" పేజీ వస్తుంది చూడండి. ఆ మళ్ళింపు కంపెనీ డీఎన్ఎస్ మీద ఆధారపడి ఉంటే, బయటి డీఎన్ఎస్ పెట్టుకున్న ఇంట్లో ఆ పేజీ రాదు. నెట్ చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది. మీరు రౌటర్‌ని అనుమానిస్తూ కూర్చుంటారు. దీని బలహీనతల్లా సాయంత్రం రద్దీలో చేతులెత్తేయడం, తప్పుగా కొట్టిన సైటు పేరుకి కొన్ని కంపెనీలు తమ పేజీ చూపించడం.

గూగుల్. 2009 డిసెంబర్‌లో మొదలైంది. ఏ రౌటర్‌తోనూ గొడవ పడదు, ఈసీఎస్ ఉంది కాబట్టి వీడియోలకు బాగుంటుంది. పూర్తి ఐపీ అడ్రస్ ఉండే తాత్కాలిక లాగ్‌ను (ఎవరేం అడిగారన్న రికార్డును) 24 నుంచి 48 గంటల్లో చెరిపేస్తామని చెబుతారు. గూగుల్ దగ్గర ఇప్పటికే మన బతుకంతా ఉంది, ఇది కూడా ఎందుకు అనుకునేవాళ్ళు పక్కకు జరగొచ్చు. మిగతావాళ్ళకి పెద్దగా ఆలోచించక్కర్లేని ఎంపిక.

క్లౌడ్‌ఫ్లేర్. 2018 ఏప్రిల్ 1న వచ్చింది, ఏప్రిల్ ఫూల్ అనుకున్నవాళ్ళూ ఉన్నారు. లాగ్‌లు 25 గంటల్లోపు తీసేస్తామంటారు. వీళ్ళకి హైదరాబాద్‌లో, చెన్నైలో, ముంబైలో కూడా సర్వర్లున్నాయి. కానీ మీ ప్రశ్న హైదరాబాద్ సర్వర్‌కే చేరుతుందని నమ్మకం లేదు. నెట్ కంపెనీ దాన్ని ఏ దారిన పంపితే అక్కడికి పోతుంది. పింగ్ కొట్టి చూడండి: 5-10 మిల్లీసెకన్లు వస్తే దగ్గరే, 50 దాటితే ఎక్కడో దూరం తిరిగి వస్తోంది. ఒక చిక్కుంది. 1.1.1.1 అన్నది చాలా ఏళ్ళు ఎవరూ వాడని అడ్రస్ కాబట్టి కొన్ని పాత పరికరాల తయారీదార్లు దాన్ని తమ లోపలి పనులకు వాడేసుకున్నారు. అలాంటి పెట్టె మీ ఇంట్లో ఉంటే 1.1.1.1 పనిచేయదు, 1.0.0.1 పనిచేస్తుంది.

క్వాడ్9. 2017 నవంబర్‌లో మొదలై, 2021లో తన చట్టబద్ధ చిరునామాను స్విట్జర్లాండ్‌కి మార్చుకున్న లాభాపేక్ష లేని సంస్థ. వాడేవాళ్ళ ఐపీ అడ్రస్‌లను తన దగ్గర నిల్వ చేసుకోదు. తెలిసిన మోసపు సైట్ల పేర్లు అడిగితే "అలాంటి సైటు లేదు" అంటుంది. కరెంటు బిల్లు కట్టలేదని, పార్శిల్ ఆగిపోయిందని ఎస్ఎంఎస్‌లో లింకులు వచ్చే ఈ రోజుల్లో పెద్దవాళ్ళున్న ఇంటికి ఇది నాకు నచ్చిన ఎంపిక. అలాగని భరోసా పెట్టుకోకూడదు: ఈ రోజు పొద్దున పుట్టిన మోసపు సైటు రేపటికి గానీ జాబితాలోకి ఎక్కకపోవచ్చు.

ఫ్యామిలీ ఫిల్టర్లు. క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ళది 2020 ఏప్రిల్‌లో వచ్చింది. ఓపెన్‌డీఎన్ఎస్ అంతకన్నా పాతది, 2006 నుంచి ఉంది, 2015లో సిస్కో కొనుక్కుంది. రెండూ పేరును బట్టి మొత్తం సైటును ఆపగలవు, సైటులో ఒక పేజీని ఆపలేవు. ఇన్‌స్టాగ్రామ్‌లో, ఎక్స్‌లో ఏం కనబడుతుందో వీటి చేతిలో లేదు. పిల్లాడు వైఫై ఆపి మొబైల్ డేటా వేస్తే కథ అయిపోయింది. ఎనిమిదేళ్ళ పిల్ల పొరపాటున ఎక్కడికో పోకుండా ఆపడానికి బాగా పనికొస్తాయి; పదహారేళ్ళ పిల్లాణ్ణి ఆపడానికి పనికిరావు.

యాడ్‌గార్డ్. వార్తల సైట్లలో, ఆటల యాప్‌లలో ప్రకటనలు చాలావరకు పోతాయి, స్మార్ట్ టీవీ ట్రాకింగ్ తగ్గుతుంది. యూట్యూబ్ ప్రకటనలు పోవు, ఎందుకంటే అవీ వీడియో వచ్చే చోటి నుంచే వస్తాయి. షాపింగ్ ఆఫర్ల మెసేజీల్లో లింకులు కొన్ని తెరుచుకోవు. ట్రాకింగ్ సైటు గుండా తిప్పి పంపేవి అవి. మీకు అది హాయి. ఇంట్లో మరొకరికి "ఈ వైఫైలో ఏదీ రాదు".

మీ సొంత జాబితాలు పెట్టుకోనిచ్చే నెక్స్ట్‌డీఎన్ఎస్ లాంటివి కూడా ఉన్నాయి. ఉచితంగా నెలకు 3 లక్షల ప్రశ్నల దాకా ఇస్తుంది, దాటితే వడపోత ఆగి మామూలు డీఎన్ఎస్‌లా నడుస్తుంది. వీటికి మన దగ్గర ఒక అడ్డంకి ఉంది. పాత రౌటర్‌లో పెడితే ఇవి మీ ఇంటిని ఐపీ అడ్రస్‌ను బట్టి గుర్తుపడతాయి. చాలా నెట్ కంపెనీలు ఒకే ఐపీని ఎన్నో ఇళ్ళకి కలిపి ఇస్తాయి, సీజీనాట్ అంటారు. అప్పుడు మీరెవరో దానికి తెలియదు. ఎన్‌క్రిప్ట్ అయిన డీఎన్ఎస్ ఇచ్చే రౌటర్ ఉంటేనో, ఫోన్‌లో విడిగా పెట్టుకుంటేనో ఈ ఎంపికకు అర్థం ఉంటుంది.

## ఏ పేజీలో పెట్టాలి

రౌటర్‌లో డీఎన్ఎస్ రాసే గడులు సాధారణంగా రెండు చోట్ల ఉంటాయి. ఒకటి ఇంటర్నెట్ లేదా వ్యాన్ (WAN, బయటి లైను) పేజీలో. రెండోది ల్యాన్ (LAN, ఇంటి లోపలి నెట్‌వర్క్) కింద డీహెచ్‌సీపీ (DHCP) సర్వర్ పేజీలో, అంటే పరికరాలకు ఐపీ అడ్రస్‌లు పంచే చోట. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, చేసే పని వేరు.

| ఎక్కడ | ఏం జరుగుతుంది | ఎప్పుడు మంచిది | ఇబ్బంది |
|---|---|---|---|
| వ్యాన్ పేజీ | పరికరాలు రౌటర్‌ని అడుగుతాయి, రౌటర్ బయట అడుగుతుంది | రౌటర్ గట్టిదైతే | రౌటర్ ప్రోగ్రామ్ చిక్కుకుంటే ఇల్లంతా ఆగుతుంది |
| డీహెచ్‌సీపీ పేజీ | పరికరాలు నేరుగా బయట అడుగుతాయి | రౌటర్ తరచూ చిక్కుకుంటుంటే | రౌటర్‌లో గుర్తుండే జవాబులు అక్కరకు రావు |
| ఒక్కో ఫోన్‌లో | ఆ ఫోన్ ఒక్కటే మారుతుంది | ఒక్కరికే కావాలంటే | ఆఫీసు, హోటల్ వైఫైలో అడ్డుపడొచ్చు |

పైన చెప్పిన పరీక్షలో రౌటర్‌ని అడిగితే జవాబు రాక, 8.8.8.8ని నేరుగా అడిగితే వచ్చి, ఆపి వేస్తే బాగయ్యే రకం మీదైతే వ్యాన్ పేజీలో అంకెలు మార్చి లాభం లేదు. చిక్కుకునేది అదే రౌటర్ ప్రోగ్రామ్ కాబట్టి ఎవరి అంకెలు పెట్టినా అక్కడే ఆగుతుంది. డీహెచ్‌సీపీ పేజీలో పెడితే ఫోన్లు దాన్ని దాటుకుని పోతాయి. అసలు తప్పు నెట్ కంపెనీ డీఎన్ఎస్‌లో ఉంటే మాత్రం వ్యాన్ పేజీ చాలు.

నెట్ కంపెనీ ఇచ్చిన ఓఎన్‌టీలో వ్యాన్ పేజీ మనకు కనబడకుండా తాళం వేసి ఉండటం సాధారణం. పెట్టె కింద అంటించిన యూజర్, పాస్‌వర్డ్‌తో వెళ్తే వైఫై పేరు మార్చడం వరకే వస్తుంది. డీహెచ్‌సీపీ పేజీ కొన్నిట్లో తెరిచి ఉంటుంది, చూడండి. అదీ లేకపోతే మీ సొంత రౌటర్ తెచ్చి దాని వెనక పెట్టుకోవాలి. ఓఎన్‌టీ వెనక ఇప్పటికే సొంత రౌటర్ ఉన్న ఇంట్లో ఇంకో తికమక: ఫోన్‌కి ఐపీ ఇస్తున్నది ఏ పెట్టె? అది తెలియకుండా ఓఎన్‌టీ డీహెచ్‌సీపీలో అంకెలు మార్చి, ఫోన్ మాత్రం వెనకున్న రౌటర్ నుంచి పాతవి తీసుకుంటూ ఉండటం తరచూ జరిగేదే. ఫోన్‌లో వైఫై వివరాల్లో గేట్‌వే అని కనిపించే అడ్రస్ ఏదో, చాలాసార్లు మీరు మార్చాల్సిన పెట్టె అదే.

### మార్చినా మారకపోతే: ఐపీవీ6

ఇది మన దేశంలో మరీ ముఖ్యం, ఎందుకంటే ఐపీ అడ్రస్‌ల కొత్త పద్ధతి అయిన ఐపీవీ6 వాడకంలో ప్రపంచంలో ముందున్న దేశాల్లో మనదొకటి. పెద్ద కంపెనీల కనెక్షన్లలో ఇది దానంతటదే ఆన్ అయి ఉంటుంది. మీరు రౌటర్‌లో నింపింది పాత పద్ధతి, అంటే ఐపీవీ4 గడులు మాత్రమే. అదే సమయంలో రౌటర్ ఐపీవీ6 దారిలో నెట్ కంపెనీ డీఎన్ఎస్‌నే ఫోన్లకు చెబుతూ ఉంటుంది. ఫోన్లు రెండూ వింటాయి, చాలాసార్లు రెండోదాన్నే వాడతాయి.

తెలుసుకోవడం తేలిక. ఎన్ఎస్‌లుకప్ కొట్టగానే మొదటి రెండు వరుసల్లో ఎవరిని అడుగుతోందో చూపిస్తుంది. అక్కడ చుక్కల అడ్రస్ బదులు కోలన్‌లతో పొడుగ్గా ఉన్న అడ్రస్ కనిపిస్తే మీ మార్పును పక్కన పెట్టి ఐపీవీ6 గుండా పోతోందన్నమాట. రౌటర్‌లో ఐపీవీ6 పేజీ వెతికి అక్కడ కూడా అదే కంపెనీ అడ్రస్‌లు పెట్టాలి. గూగుల్‌వి 2001:4860:4860::8888, 2001:4860:4860::8844. క్లౌడ్‌ఫ్లేర్‌వి 2606:4700:4700::1111, 2606:4700:4700::1001.

"ఐపీవీ6 ఆపేయ్, అయిపోతుంది" అనే సలహా ఎక్కువగా వినిపిస్తుంది. నేను ఆఖరున తప్ప ఒప్పుకోను. సీజీనాట్ లైన్‌లో ఐపీవీ4 ఎన్నో ఇళ్ళతో పంచుకున్నది, ఐపీవీ6 మాత్రం మీ ఇంటికే నేరుగా వచ్చినది. డీఎన్ఎస్ కోసం దాన్ని ఆపడం ఎలుకకు భయపడి ఇల్లు తగలబెట్టుకున్నట్టే.

### రెండో గడిలో ఏం పెట్టాలి

మొదటిది పనిచేయకపోతేనే రెండోది వాడతారని అందరూ అనుకుంటారు. అన్ని పరికరాలూ అలా చేయవు. కొన్ని రెండిటినీ మార్చి మార్చి అడుగుతాయి, కొన్ని ముందు జవాబిచ్చినదాన్ని పట్టుకుంటాయి. అందుకని మొదటి గడిలో 1.1.1.3, రెండో గడిలో 8.8.8.8 పెట్టిన ఇంట్లో ఫ్యామిలీ ఫిల్టర్ ఒకసారి ఆపుతుంది, ఒకసారి వదులుతుంది. వడపోత కావాలంటే రెండు గడుల్లోనూ ఒకే కంపెనీ వడపోత అడ్రస్‌లే ఉండాలి.

వడపోత అక్కర్లేనివాళ్ళకి దీనికి పూర్తి వ్యతిరేకం చెబుతాను. రెండు కంపెనీలవి కలపండి: 1.1.1.1 పక్కన 8.8.8.8. 2025 జులై 14న క్లౌడ్‌ఫ్లేర్ తప్పుడు సెట్టింగ్ వల్ల 62 నిమిషాలు ప్రపంచమంతా పోయింది, మనకప్పుడు 15వ తేదీ తెల్లవారుజాము 3:22. ఆ గంటలో 1.1.1.1తో పాటు 1.0.0.1 కూడా పోయింది. రెండు గడులూ వాళ్ళవే పెట్టుకున్నవాళ్ళకి రెండోది ఉన్నా లేనట్టే.

## ఎవరికి ఏది

మామూలు ఇల్లు, ఏ ఇబ్బందీ లేదు. నెట్ కంపెనీదే ఉండనివ్వండి. నిజంగా చెబుతున్నాను.

సాయంత్రాలు సైట్లు తెరుచుకోవడానికి తడబడే ఇల్లు. వ్యాన్ పేజీలో 8.8.8.8, 1.1.1.1. టీవీ పెట్టె ఆగిపోతే, రౌటర్ ఒప్పుకుంటే ఆ ఒక్క పెట్టెకు పాత డీఎన్ఎస్ ఇవ్వండి. ఒప్పుకోకపోతే మార్పును రౌటర్‌లోంచి తీసేసి ఫోన్లలో, కంప్యూటర్లలో పెట్టుకోండి.

చిన్న పిల్లలున్న ఇల్లు. క్లౌడ్‌ఫ్లేర్ ఫ్యామిలీ రెండు గడుల్లోనూ, ఐపీవీ6 పేజీలోనూ వాళ్ళ ఫ్యామిలీ అడ్రస్‌లే. ఆండ్రాయిడ్ 9 నుంచి ఫోన్లలో ప్రైవేట్ డీఎన్ఎస్ అని ఒక సెట్టింగ్ ఉంది. అక్కడ ఎవరైనా వేరే పేరు పెడితే రౌటర్ మాట వినదు. టీవీకి తగిలించే క్రోమ్‌కాస్ట్ లాంటివి రౌటర్ ఏం చెప్పినా నేరుగా గూగుల్‌నే అడగడం పేరుమోసిన సంగతి. కాబట్టి పెద్ద టీవీ మీద ఏం వస్తుందో ఫిల్టర్ చూసుకుంటుందని వదిలేయకండి.

ఇంటి నుంచి ఆఫీసు పని. ఆఫీసు వీపీఎన్ ఆన్ చేయగానే అది తన డీఎన్ఎస్ తెచ్చుకుంటుంది. బయటి సైట్లు బాగుండి ఆఫీసు లోపలి సైట్లు మాత్రం తెరుచుకోకపోతే రౌటర్ జోలికి పోకుండా ముందు బ్రౌజర్‌లో సెక్యూర్ డీఎన్ఎస్ ఆపి చూడండి. అది ఆన్‌లో ఉంటే ఆఫీసు లోపలి పేర్లను కూడా బయట అడుగుతుంది, బయటివాళ్ళకి అవి తెలియవు.

ఊళ్ళో అమ్మానాన్నల ఇంటి నెట్ హైదరాబాద్ నుంచో డాలస్ నుంచో చూసుకునేవాళ్ళు. ఇక్కడ నా సలహా అందరికన్నా పిరికిది. ఊళ్ళో నెట్ పోతే వచ్చే మనిషి కేబుల్ అబ్బాయి. అతను చేసే మొదటి పని పెట్టె వెనక సూదితో నొక్కి రీసెట్ చేయడం, దాంతో మీ సెట్టింగ్స్ అన్నీ పోతాయి. ఫిల్టర్ ఉందనుకుంటూ మీరు, లేకుండానే వాళ్ళు నెలల తరబడి ఉండిపోతారు. మోసపు లింకుల భయముంటే రౌటర్ వదిలేసి అమ్మ ఫోన్‌లో, నాన్న ఫోన్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్‌గా క్వాడ్9 పెట్టండి. అది రీసెట్‌కి పోదు, మొబైల్ డేటా మీద కూడా పనిచేస్తుంది, పైగా ఎన్‌క్రిప్ట్ అవుతుంది. గేటెడ్ కమ్యూనిటీ వైఫైలో, రైల్వే స్టేషన్ వైఫైలో లాగిన్ పేజీ రాకపోతే దాన్ని కాసేపు ఆపాలని మాత్రం చెప్పి ఉంచండి.

ప్రయోగాలంటే ఇష్టమున్నవాళ్ళు. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద పై-హోల్ అనే డీఎన్ఎస్ ప్రోగ్రామ్ పెట్టుకుంటే ఇంట్లో ఏ పరికరం ఏం అడుగుతోందో వరుసగా కనిపిస్తుంది. టీవీ రాత్రంతా ఎవరెవరితో మాట్లాడుతోందో చూస్తే నిద్ర పట్టదు. కానీ కరెంటు పోయినప్పుడు రౌటర్‌కి ఇన్వర్టర్ ఉండి, ఆ చిన్న బోర్డుకి లేకపోతే ఇల్లంతా నెట్ లేనట్టే. పదేపదే కరెంటు పోయే చోట దాని మెమరీ కార్డు కూడా పాడవుతుంది. ఇంట్లో మీరొక్కరే దాన్ని బాగు చేయగలరన్నది గుర్తుంచుకుని, ఊరెళ్ళేముందు పాత సెట్టింగ్ పెట్టి వెళ్ళండి.

## మీరు పెట్టని అంకెలు అక్కడ కనిపిస్తే

రౌటర్ తెరిచినప్పుడు డీఎన్ఎస్ గడుల్లో పై పట్టికలో లేనివి, నెట్ కంపెనీవి కూడా కానివి ఉంటే తేలిగ్గా తీసుకోవద్దు. డీఎన్ఎస్‌ఛేంజర్ అనే మాల్‌వేర్ ఇదే పని చేసింది: కంప్యూటర్లలో, కొన్ని రౌటర్లలో డీఎన్ఎస్ మార్చి జనాన్ని తనకు కావలసిన సైట్లకు మళ్ళించింది. 2011 నవంబర్‌లో ఎఫ్‌బీఐ ఆ ముఠాను పట్టుకుంది. ఆ సర్వర్లను ఒక్కసారిగా ఆపేస్తే లక్షలాది ఇళ్ళకి నెట్ పోతుందని కోర్టు అనుమతితో వాటి స్థానంలో మంచి సర్వర్లు పెట్టి, 2012 జులై 9 దాకా నడపాల్సి వచ్చింది.

అలాంటిది కనిపిస్తే పెట్టెను ఫ్యాక్టరీ రీసెట్ చేసి, కొత్త ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) ఉంటే వేసి, అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. వైఫై పాస్‌వర్డ్ వేరు, రౌటర్‌లోకి వెళ్ళే అడ్మిన్ పాస్‌వర్డ్ వేరు. చాలా ఇళ్ళలో మొదటిది గట్టిగా, రెండోది "అడ్మిన్" గానే ఉంటుంది. బయటి నుంచి రౌటర్ తెరవనిచ్చే రిమోట్ మేనేజ్‌మెంట్ ఆన్‌లో ఉంటే ఆపేయండి.

## మార్చే ముందు, మార్చాక

ఏ గడి ముట్టుకునే ముందైనా ఆ పేజీని ఫోన్‌తో ఫొటో తీయండి. పీపీపీఓఈ (రౌటర్ లాగిన్ అయితేనే నెట్ వచ్చే రకం) కనెక్షన్ అయితే ఆ పేజీలోనే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఉంటాయి. అవి చెరిగితే నెట్టే రాదు, మళ్ళీ ఆపరేటర్‌నే అడగాలి.

సేవ్ చేశాక ఫోన్ వైఫై ఆపి మళ్ళీ కలపండి. పాత డీఎన్ఎస్‌ను రౌటర్ ఫోన్‌కి కొన్ని గంటల గడువు మీద ఇచ్చి ఉంటుంది, కలిపితే గానీ కొత్తది తీసుకోదు. విండోస్‌లో ఐపీకాన్ఫిగ్ పక్కన ఫ్లష్‌డీఎన్ఎస్ (ipconfig /flushdns) కొట్టి పాత జవాబులు తుడిచేయండి. అప్పుడు ఎన్ఎస్‌లుకప్ మళ్ళీ కొట్టి మొదటి రెండు వరుసలు చూడండి. డీహెచ్‌సీపీ పేజీలో మార్చి ఉంటే మీరు పెట్టిన అడ్రసే కనిపించాలి. వ్యాన్ పేజీలో మార్చి ఉంటే 192.168.1.1 లాంటి రౌటర్ అడ్రస్ కనిపించడమే సరైనది, కంగారు పడొద్దు.

వారం పాటు ఇంట్లో అందరి ఫోన్లలో బ్యాంకు యాప్, టీవీ పెట్టె, ఆఫీసు వీపీఎన్ నడిచాయంటే అలాగే ఉంచండి. ఏదైనా మొండికేస్తే గడుల్లో పాత అంకెలు గుర్తు తెచ్చుకుంటూ కూర్చోనక్కర్లేదు. నెట్ కంపెనీ నుంచి దానంతటదే తీసుకునే ఆప్షన్‌కి మార్చి సేవ్ కొట్టి, రౌటర్ ఒకసారి ఆపి మళ్ళీ వేయండి.